రెండూ ఒకటే

ఆదివారం పొద్దున్న ముందుగదిలోంచి పాట రావలసిన వేళకి, అట్టపెట్టెలకి టేపు అతికిస్తున్న చప్పుడు వస్తోంది. వంటింట్లో కాఫీ కలుపుతున్న కోడలికి ఆ టేపు చర్రుమన్నప్పుడల్లా లెక్క తప్పుతోంది. ఒక గ్లాసులో చక్కెర రెండుసార్లు వేసింది. ఇంకో గ్లాసులో అసలు వెయ్యడమే మర్చిపోయింది.

"మీ మావగారు పొద్దున్నే ఏం మొదలుపెట్టారమ్మాయ్?" అంది అత్తగారు, కూరలు తరుగుతూ.

"రికార్డులు సర్దుతున్నారత్తయ్యా."

"సర్దడం కాదు, సాగనంపడం. అన్నీ మా అన్నయ్యకిచ్చేస్తారట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ నల్ల పళ్ళేలతోనే కాపురం చేశాను. ఎప్పుడు వదుల్తాయా అని చూసినదాన్ని. తీరా పోతున్నాయంటే బెంగగా ఉంది. నువ్వు నమ్ముతావా?"

కోడలు నమ్మింది. నమ్మడమే కాదు, ఆ బెంగకి కారణం ఎవరో కూడా ఆమెకి తెలుసు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ మధ్య ఇంట్లో ఎవరు ఏ మాట అన్నా అది తననే అన్నట్టుంటోంది. అత్తగారు కూరలో ఉప్పు తక్కువైందన్నా ఉలిక్కిపడుతోంది.

ఆ ఇంట్లో ఆదివారమంటే పాట. అదీ ఒకే పాట రెండుసార్లు. మావగారు పియానోలకి శ్రుతి సరిచేసే మనిషి. ఊళ్ళో పెద్ద సంగీతశాలలో ఏ కచేరీ జరిగినా ముందురోజు ఆయన వెళ్ళి, తీగ తీగా మీటి, చెవి ఒగ్గి విని, అంగీకరిస్తేనే ఆ పియానో మూత తెరిచేవారు. ఆయనకి లోకంలో రెండే పిచ్చులు. ఒకటి ఆ పని, రెండోది పాత రికార్డులు.

ఆ రెండో పిచ్చికి తోడు దొరికినవాడు అత్తగారి అన్న. జీవితమంతా గడియారాలు బాగుచేసినవాడు కనక ఇంట్లో అందరికీ ఆయన గడియారం మావయ్యే. ఆదివారం వచ్చిందంటే తన రికార్డు చంకలో పెట్టుకుని దిగిపోయేవాడు. పాట అదే, పాడినావిడ అదే, అట్ట మీద బొమ్మ కూడా అదే. కానీ మావగారిది మొదటిసారి అచ్చువేసిన రికార్డు. గడియారం మావయ్యది చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ అచ్చువేసినది. రెండింటి నాదానికీ హస్తిమశకాంతరం ఉందని మావగారి వాదం. అదంతా వట్టి భ్రమ అని గడియారం మావయ్య వాదం. ఈ తగువు తీరాలని ఇద్దరికీ లేదు. తీరితే ఆదివారాలు ఏంచేసుకోవాలి?

తగువుకి న్యాయంగా ఉండాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరూ కుర్చీలు గోడవైపు తిప్పి, గోడని చూస్తూ కూచుంటారు. మూడోమనిషి ఒక రికార్డు వేసి, అది తీసి, రెండోది వేస్తుంది. ఏది ఎవరిదో వాళ్ళు చెవితోనే చెప్పాలి. తిరిగి చూడకూడదు, రికార్డు ముట్టుకోకూడదు. ఆ మూడోమనిషి మొదట్లో అత్తగారు. ఆవిడ ఒకసారి విసుగొచ్చి ఒకే రికార్డు రెండుసార్లు వేసేసి, "ఇప్పుడు చెప్పండి చూద్దాం" అనేసరికి ఉద్యోగం ఊడింది. కోడలు కాపురానికొచ్చాక ఆ కుర్చీ ఆమెకి దక్కింది. రికార్డు మధ్యలో అంటించిన కాగితం చుట్టూ ఖాళీలో సన్నగా గీకిన అంకెలుంటాయి, వాటిని బట్టి ఏ అచ్చో చెప్పొచ్చని మావగారే నేర్పించారు. అప్పటినుంచి ఆయన నోట ఆమె పేరు జడ్జిగారు.

"జడ్జిగారూ, కోర్టు మొదలుపెట్టండి" అనేవారు. ఆమె వేసేది. మావగారు ప్రతిసారీ సరిగ్గా చెప్పేవారు. ఎలా చెప్తారని అడిగితే ఒకటే మాట. "నా రికార్డులో రెండో చరణం ఎత్తుకునే ముందు ఆవిడ ఊపిరి తీసుకుంటుందమ్మా. బావ రికార్డులో ఆ ఊపిరి చెరిపేశారు. పాట మిగిలింది, మనిషి పోయింది."

కోడలు తల ఊపేది గానీ ఆ ఊపిరి ఆమెకి ఎన్నడూ వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి మొహమాటం. ఆమెది పూటబడిలో టీచరుద్యోగం. పిల్లలకి అర్థం కాకపోయినా తల ఊపితే వెంటనే పసిగట్టే మనిషి, తను మాత్రం అదే పని చేస్తూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఈ సంగతేమిటో తేల్చుకుందామని ఆ రికార్డు తీసింది. ప్లేయరు మీద పెట్టి, ముల్లు ఆనించి, తనూ గోడవైపు తిరిగి కూచుంది. పాట నడిచింది. మొదటి చరణం అయింది. వయొలిన్ సన్నగిల్లింది. అప్పుడు వినపడింది. పొట్టిగా, వేగంగా, దుఃఖాన్ని మింగి మాట్లాడబోయే మనిషి తీసుకునే ఊపిరి. ముల్లు వెనక్కి జరిపి మళ్ళీ వింది. మళ్ళీ వినపడింది. మావయ్యగారు రాగానే చెప్పాలి, ఇన్నాళ్ళూ వినపడినట్టు నటించానని కూడా చెప్పేయాలి అనుకుంది. ఆ సంతోషంలో రికార్డు తీసి, అట్టలో పెట్టబోతూండగా ఫోన్ మోగింది. చెల్లెలు. రికార్డుని కిటికీ గూట్లో ఆనించి ఫోనెత్తింది.

చెల్లెలితో మాట్లాడితే టైము ఎవరికి గుర్తుంటుంది? ఆమె తిరిగొచ్చేసరికి మధ్యాహ్నపుటెండ కిటికీ నిండా పరుచుకుని ఉంది. రికార్డు అంచు ఎండుటాకులా పైకి లేచింది. బరువు పెట్టి చూసింది. చల్లనీళ్ళ గుడ్డ వేసి చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ప్లేయరు మీద పెడితే ముల్లు గెంతుకుంటూ పోయి కింద పడింది.

ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. మావగారు బాధపడేవారు, అత్తగారు నాలుగు మాటలనేది, అంతటితో పోయేది. కానీ ఆమెకి ధైర్యం చాల్లేదు. వంగిన రికార్డుని దుప్పట్ల బీరువాలో అడుగున దాచింది. పాత సామాన్ల షాపులన్నీ తిరిగి, అదే అట్ట, అదే బొమ్మ ఉన్న రికార్డు కొనుక్కొచ్చింది. కాగితం చుట్టూ ఉన్న అంకెలు షాపులోనే చూసింది. అవి గడియారం మావయ్య రికార్డు మీది అంకెలే. తెలిసీ తెచ్చింది. ఆదివారం ఏం చెయ్యాలో దారిలోనే ఆలోచించుకుంది. మావయ్యగారు ఏది తనదంటే దానికి అవుననేస్తే సరి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డంలేదనుకుంటుందట. ఆమె కూడా సరిగ్గా అలాగే అనుకుంది.

ఆ ఆదివారం ఇద్దరూ గోడవైపు తిరిగారు. ఆమె మొదటిది వేసింది, తీసింది. రెండోది వేసింది, తీసింది. గడియారం మావయ్య అలవాటుగా గాల్లో రాయి వేశాడు. "మొదటిది బావది, రెండోది నాది."

మావగారు కుర్చీ చేతిమీద తాళం వేస్తున్న వేలు ఆపారు. తరవాత గోడనే చూస్తూ, మెల్లగా అన్నారు. "అమ్మాయీ, రెండూ ఒకటే వేశావా?"

ఆమె దీనికి సిద్ధపడలేదు. ఏదో ఒకటి తనదంటారనుకుంది గానీ ఇలా అడుగుతారనుకోలేదు.

"లేదు మావయ్యగారూ. రెండూ వేరువేరే."

"వేరువేరేనా?"

"అవునండీ. గడియారం మావయ్యగారు చెప్పిందే కరెక్టు."

గడియారం మావయ్య కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఇన్నేళ్ళకి గెలిచానన్నాడు. మిఠాయి తెప్పించమన్నాడు. మావగారు నవ్వారు. "ఇవాళ నీదే బావా" అన్నారు. ఆ నవ్వు చూసి కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటినుంచి మావగారు మారిపోయారు. పియానో దగ్గర ఒక తీగ సరిచేసి, మళ్ళీ సరిచూసి, మళ్ళీ మొదటికే తెచ్చి, ఒకపూట పని రోజంతా చేసి వచ్చారు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికెళ్ళారు. ఆ డాక్టరు ఈ వయసులో అందరికీ ఉండేదే, మరీ సన్నటి శబ్దాలు కొంచెం తగ్గుతాయి, మిగతా అంతా బాగుందన్నాడట. అందులో మావగారు 'తగ్గుతాయి' అన్న ఒక్కమాటే విన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అది సరిగ్గా వెళ్ళి అక్కడే తగిలింది. సంగీతశాలకి ఫోన్ చేసి, ఇంకో మనిషిని చూసుకోమని చెప్పేశారు. ప్లేయరు మీద గుడ్డ కప్పారు. ఆదివారం కుర్చీలు గోడవైపు తిరగడం మానేశాయి.

కోడలికి నిద్ర పట్టేది కాదు. భర్తకి చెప్పింది, అతని మందుల షాపులోనే, గిరాకీ లేని వేళ చూసి. అతను కౌంటరు మీద మాత్రల డబ్బాలు సర్దుతూ అంతా విన్నాడు.

"నాన్నకి చెప్పకు" అన్నాడు.

"అదేంటండీ?"

"పోయినేడు ఆ సంగీతశాల మెట్ల మీద పనిముట్ల సంచితో సహా జారిపడ్డారు. గుర్తుందా? ఇంక మానెయ్యండని ఎంత మొత్తుకున్నాను. విన్నారా? నేను చెప్తే మానని మనిషి, ఆ రికార్డు పుణ్యమా అని మానేశారు. పోనీలే."

"అబద్ధం చెప్పి మానిపించామండీ."

"అబద్ధం చెప్పింది నువ్వు. మానుకున్నది ఆయన. నేను మధ్యలో లేను."

ఆ మాటకి ఆమెకి కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే అది నిజం. అతను మధ్యలో లేనని అన్నా ఆ రోజునుంచి తండ్రి మొహం వైపు సూటిగా చూడలేకపోతున్నాడని కూడా ఆమె గమనించింది. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే కాబోలు. పంచుకుంటే ఆమె వాటా మాత్రం ఏమీ తగ్గలేదు.

బళ్ళో ఒకరోజు ఒక చిన్నపిల్ల బల్ల దగ్గరికి వచ్చి, "టీచర్, పక్కమ్మాయి రంగుపెన్సిలు నేనే విరిచాను" అని ఏడ్చింది. "నిజం చెప్పావు కదా, ఇంక భయం లేదు" అంది ఆమె అలవాటుగా. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని ఆడుకోడానికి పోయింది. టీచరు మాత్రం సుద్దముక్క చేతిలో పట్టుకుని, పాఠం ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి నిలబడింది.

ఇదీ పెట్టెలు కడుతున్న ఆదివారం పొద్దుటికి ఆ ఇంట్లో పరిస్థితి.

కాఫీలు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి గడియారం మావయ్య వచ్చి ఉన్నాడు. అలవాటు కొద్దీ తన రికార్డు చంకలోనే ఉంది. పెట్టెలన్నీ కట్టి గోడవారగా పేర్చి ఉన్నాయి. భర్త కూడా అక్కడే, పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నాడు. ఒకే పేజీ ఎంతసేపటినుంచి చదువుతున్నాడో.

"నాకొద్దు బావా" అంటున్నాడు గడియారం మావయ్య. "ఇవన్నీ నేనేం చేసుకోను? మా ఇంట్లో నాతో పోట్లాడేదెవరు?"

"విను. అంతే."

"ఒక్కణ్ణే కూచుని వినడానికి ఇది రేడియోనా? ఒక్కసారి గెలిచినందుకు ఇంత శిక్ష వేస్తావనుకుంటే ఆ రోజు నోరు మూసుకుని కూచునేవాణ్ణి."

"నువ్వు గెలవడం కాదు బావా. నేను ఓడిపోవడం కూడా కాదు. రెండూ ఒకేలా వినపడ్డాయి నాకు. అర్థమైందా? పగలూ రాత్రీ తేడా తెలియనట్టు. అలాంటి చెవి పెట్టుకుని..."

ఫోన్ మోగింది. సంగీతశాల మేనేజరు. ఆయన గొంతు పెద్దది, గదిలో అందరికీ వినపడుతోంది. వచ్చేవారం వాయించే పెద్దావిడ, మావగారి చెయ్యి పడితేగానీ పియానో ముందు కూర్చోనంటోందట.

"క్షమించండి" అన్నారు మావగారు. "తీగ సరిగ్గా ఉందో లేదో నాకే నమ్మకం లేనప్పుడు మీ పియానో ముట్టుకోకూడదు. అది దొంగతనం లాంటిది. వేరే ఆయన్ని పిలవండి. ఇంక నాకు ఫోన్ చెయ్యొద్దు."

ఫోన్ పెట్టేసి కాసేపు దాన్నే చూస్తూ కూచున్నారు. అత్తగారు తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

మావగారు లేచి, అన్ని పెట్టెలకీ ఎడంగా బల్లమీద ఉంచిన ఒక్క రికార్డు చేతిలోకి తీసుకున్నారు. కోడలు ఆ అట్టని గుర్తుపట్టింది. గుర్తుపట్టక ఎలా ఉంటుంది?

"అమ్మాయీ, ఇలా రా" అన్నారు. "బావకి అన్నీ ఇస్తున్నాను గానీ ఇది ఇవ్వను. ఇది నీకు."

"నాకెందుకు మావయ్యగారూ?"

"ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి కూచున్నామంటే నీ మీద నమ్మకంతో కదా. మేమిద్దరం ముసలాళ్ళం, మొండివాళ్ళం, ఎలాగైనా గెలవాలని చూస్తాం. నువ్వు ఒక్కసారి కూడా ఎవరి వైపూ మొగ్గలేదు. నేను ఓడిపోయిన రోజున కూడా నా మొహం చూసి మార్చి చెప్పలేదు. ఈ ఇంట్లో దీన్ని దాచుకునే అర్హత నీదే."

అట్ట ఆమె చేతుల్లో పెట్టారు. ఆమె పట్టుకోలేదు. అది జారి నేలమీద పడింది.

"అయ్యో, ఏంటమ్మా అది" అన్నాడు గడియారం మావయ్య.

"అది కాదు మావయ్యగారూ" అంది ఆమె. "అది మీది కాదు."

భర్త పేపరు కిందకి దించాడు. వద్దన్నట్టు చూశాడు. ఆమె అతనివైపు చూడలేదు.

"మీ రికార్డు నేను పాడుచేశాను. ఎండలో పెట్టి మర్చిపోయాను, వంగిపోయింది. ఇది షాపులో కొన్నాను. ఇదీ గడియారం మావయ్యగారిదీ ఒకే అచ్చు. ఆ రోజు మీకు రెండూ ఒకేలా వినపడ్డాయంటే... రెండూ ఒకటే మావయ్యగారూ. మీ చెవి తప్పు కాదు. మీరడిగారు, నేను అబద్ధం చెప్పాను."

మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. అయ్యేసరికి ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

ముందు తేరుకున్నది అత్తగారు. "ఎంత పని చేశావే" అంది. "మనిషి తిండి మానేశాడు. చెప్పాపెట్టకుండా డాక్టరు దగ్గరికి పోయాడు. నా కళ్ళముందే కృంగిపోతుంటే నేను ఏ దేవుడికి మొక్కుకోవాలా అని చూస్తున్నాను. నువ్వేమో అన్నీ తెలిసి, రోజూ కాఫీ ఇస్తూ తిరిగావా? నీకు అన్నం ఎలా దిగిందే?"

"దిగలేదత్తయ్యా."

"రికార్డు పోతే పోయింది. నేను చేతులారా పగలగొట్టాలనుకున్నవే అవి. దాని కోసం ఇంత అబద్ధమా? అబ్బాయ్, విన్నావా నీ పెళ్ళాం చేసిన పని?"

అతను తల ఎత్తలేదు. అత్తగారు కొడుకుని పైనుంచి కిందిదాకా చూసింది. ఆవిడకి కొడుకు మొహం చదవడం కొత్తకాదు.

"నీకూ తెలుసన్నమాట."

"అమ్మా, నాన్న ఆ మెట్లు ఎక్కడం మానేస్తారు కదా అని..."

"మెట్లు మానిపించడానికి చెవులు తీసేస్తావట్రా?" అంది అత్తగారు.

మావగారు ఇవేవీ విననట్టే ఉన్నారు. వంగి, నేలమీది రికార్డు తీసి, అట్టకి అంటిన దుమ్ము తుడిచి, బల్లమీద పెట్టారు. తరవాత కోడలివైపు తిరిగారు.

"నువ్వు దాన్ని ఎందుకు తీశావమ్మా? ఆ రోజు ఆదివారం కాదు కదా."

ఆమె ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"మీరు ఎప్పుడూ చెప్తారు కదా, రెండో చరణం ముందు ఊపిరి అని. నాకెప్పుడూ వినపడలేదు. వినపడ్డట్టు తల ఊపేదాన్ని. ఒక్కదాన్నే కూచుంటే వినపడుతుందేమోనని..."

"విన్నావా?"

"విన్నాను మావయ్యగారూ. రెండుసార్లు విన్నాను. మీరు రాగానే చెప్దామనుకున్నాను. ఆ సంతోషంలోనే..."

మావగారు కుర్చీలో కూచున్నారు. "అయితే దాన్ని ఆఖరిసారి విన్నది నువ్వు" అన్నారు. "ఎలా ఉందో చెప్పు."

ఆమె చెప్పబోయింది. ఏడుపు ఆపుకుని, మాట్లాడడానికని ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, పొట్టిగా, వేగంగా. మావగారు చెయ్యెత్తి ఆపారు.

"అదే" అన్నారు. "సరిగ్గా అలాగే ఉండేది."

ఆమె వెళ్ళి బీరువాలో దుప్పట్ల అడుగునుంచి వంగిన రికార్డు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాని అంచుని వేలితో మెల్లగా నిమిరారు. లేచినచోట వేలు ఆగింది. ఆయన కళ్ళు నిండాయి గానీ ఆమెని ఒక్కమాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆమె అనుకుంది.

గడియారం మావయ్యకే ఉండబట్టలేదు. "అది సరే బావా. ఆ రోజు నీకు అనుమానం వచ్చింది కదా. అదే ప్రశ్న అడిగావు కదా. మేమంతా వెళ్ళాక రికార్డు తీసి అంకెలు చూసుకుంటే తెలిసిపోయేది. నీ చేతిలో పనే. ఎందుకు చూడలేదు?"

మావగారు ఒళ్ళో రికార్డుని సరిచేసి పెట్టుకున్నారు.

"తీశాను" అన్నారు. "ఆ సాయంత్రమే తీశాను. కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను. మళ్ళీ అట్టలో పెట్టేశాను."

"అదే, ఎందుకని?"

"అంకెలు చూడ్డమంటే పిల్ల మాట మీద సోదా చెయ్యడం కదా బావా. అమ్మాయి వేరువేరు అంది. నా చెవి ఒకటే అంది. ఇద్దరిలో ఎవరో ఒకరిది తప్పవ్వాలి. చెవి ముసలిది, తప్పు చెప్తుంది. అమ్మాయి ఎందుకు చెప్తుంది?"

కోడలు నేలమీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆమె ఏడ్చింది రికార్డు కోసం, అబద్ధం కోసం, బయటపడుతుందేమోనన్న భయంతో. ఆ క్షణంలో వచ్చిన ఏడుపు వేరు. జీవితమంతా అన్నం పెట్టిన చెవిని పక్కకి నెట్టి ఆయన తన మాట నమ్మారని, అలా నమ్మినందుకే పని పోగొట్టుకున్నారని ఆమెకి అప్పుడు అర్థమైంది. మావయ్యగారి కాళ్ళ దగ్గర తల పెట్టి, "నన్ను తిట్టండి" అంది. "తిట్టకపోతే నేను ఉండలేను."

"తిట్టడం మీ అత్తయ్య చూసుకుంటుంది. ఆవిడకి అలవాటుంది" అన్నారు ఆయన. తరవాత ఆమె తలమీద చెయ్యి వేశారు. "నువ్వు రికార్డు పాడుచేసినందుకు నాకు బాధగా ఉంది, లేదని చెప్పను. అబద్ధం చెప్పినందుకు ఇంకా బాధగా ఉంది. అదీ లేదనను. కొన్నాళ్ళు ఉంటుంది. ఉండనీ. లే."

ఆమె లేవలేదు. భర్త వచ్చి పక్కన కూచున్నాడు. "నాన్నా, నేను కూడా..." అన్నాడు. "నువ్వు తరవాత" అన్నారు మావగారు. "మెట్ల సంగతి మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం. సంచి నువ్వు మోస్తే నేను జారను." అతను తల ఊపాడు.

మావగారు లేచి ప్లేయరు మీది గుడ్డ తీశారు. తన కుర్చీ ఈడ్చి గోడవైపు తిప్పారు. ఇంకో కుర్చీ కూడా తిప్పారు.

"బావా, కూచో. జడ్జిగారూ, ఆ షాపు రికార్డూ, బావ రికార్డూ వెయ్యండి."

"నేను వెయ్యను మావయ్యగారూ. నాకా అర్హత లేదు. అత్తయ్యని వెయ్యమనండి."

"ఆవిడని మేం ఎప్పుడో తీసేశాం. నువ్వే వెయ్యి. ఆ రోజు కోర్టు మధ్యలో ఆగిపోయింది. పూర్తికావాలి."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. మొదటిది పెట్టి ముల్లు ఆనించింది. పాట మొదలైంది, చరణం నడిచింది, వయొలిన్ సన్నగిల్లింది. ఊపిరి ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇప్పుడు ఆ లేకపోవడం ఆమెకి స్పష్టంగా వినపడింది. తీసి రెండోది వేసింది. మళ్ళీ అదే. గుమ్మంలో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆమె ముల్లు పక్కకి తీసింది. గడియారం మావయ్య ఈసారి రాయి వెయ్యలేదు.

"రెండూ ఒకటే" అన్నారు మావగారు, గోడవైపే చూస్తూ. "అవునా జడ్జిగారూ?"

"అవును మావయ్యగారూ" అంది ఆమె. "రెండూ ఒకటే."

ఆయన వెనక్కి తిరగలేదు. వీపు అటువైపు ఉన్నా భుజాలు కదలడం అందరికీ కనపడింది. గడియారం మావయ్య చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి అత్తగారే ముక్కు చీదుకుంటూ, "కాఫీలు చల్లారిపోయాయి, ఎవరూ ముట్టుకోలేదు. ఇంక ఇటు తిరగండి" అంది.

"ఆగవే" అన్నారు మావగారు. "అబ్బాయ్, ఆ సంగీతశాల ఆయనకి ఫోన్ కలిపి ఇలా ఇవ్వు."